ఇసుక మీద మొలిచిన పచ్చిక

పిల్లలూ! అమెరికాలోని ఒక కాలేజీ బేస్‌బాల్ మైదానం కథ తరగతిలో చెప్పుకున్నాం, గుర్తుందా? అక్కడ చదివి వెళ్ళిన పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని, తమ తరువాతివాళ్ళకోసం దాన్ని కట్టించారు. అప్పుడు మీలో ఒకరు "మనకి అలాంటిది లేదా మాస్టారూ?" అని అడిగారు. రుసైల్‌లో పార్కింగు స్థలంలో టెన్నిస్ బంతితో ఆడుతూ మోకాళ్ళు చెక్కించుకునే పిల్లవాడు అలా అడగడం న్యాయమే. ఆ రోజు మేము సరిగా జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు చెబుతాం.

మస్కట్ కొండలకి అవతల, అమరాత్‌లో ఒక క్రికెట్ మైదానం ఉంది. అక్కడ 2012లో పచ్చిక మైదానం సిద్ధమైంది. అంతకుముందు ఒమాన్‌లో క్రికెట్ అంటే ఇసుక, కంకర నేల. నడుమ సిమెంటు పట్టీ, దాని మీద చాప. చాప మీద బంతి దాదాపు ఒకేలా లేస్తుంది. మట్టి పిచ్ అలా కాదు. బంకమట్టిని గడ్డి వేళ్ళు పట్టి ఉంచాలి, నీళ్ళు పెట్టాలి, రోలరు తిప్పాలి. తేమ కొంచెం మారినా బంతి నడక మారుతుంది. చాప మీదే నేర్చుకున్నవాళ్ళు బయటి దేశాల్లో తడబడేది ఇందుకే. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మస్కట్‌లో 100 పడడమే గొప్ప! ఇక్కడ గడ్డి పెంచడమంటే చంటిబిడ్డని పెంచడమే.

స్థలం ప్రభుత్వం ఇచ్చింది. ఆ మైదానం వెనుక దశాబ్దాల పట్టుదల కనక్‌సీ ఖిమ్జీ గారిది. వారి పూర్వీకులు 1870లో కచ్‌లోని మాండ్వి నుంచి వ్యాపారానికి వచ్చారు. ఈయన 1936లో మస్కట్‌లోనే పుట్టారు. 1975లో మస్కట్ భారతీయ పాఠశాలను స్థాపించినవారిలో ఒకరు. 1979లో క్రికెట్ బోర్డు ఏర్పడింది. ఆయన దాన్ని ఏళ్ళ తరబడి నడిపించారు.

కాలేజీకి పూర్వ విద్యార్థులుంటారు. మనమో, వీసా ఉన్నన్నాళ్ళు ఉండి వెళ్ళిపోయేవాళ్ళం. వెళ్ళిపోయే చోట ఎవరు చందా వేస్తారు? (ఆ మాటకొస్తే, చదివిన ఇంజనీరింగు కాలేజీ నుంచి చందా ఉత్తరం వస్తే "వచ్చే ఏడాది చూద్దాం" అని పక్కన పెట్టినవాళ్ళం మాలోనే ఉన్నాం.)

కోవిడ్ వల్ల 2021 టి20 ప్రపంచకప్ భారతదేశం నుంచి ఎమిరేట్స్‌కి, ఒమాన్‌కి మారింది. అక్టోబరు 3న షాహీన్ తుఫాను ఒమాన్‌ని తాకింది. పధ్నాలుగు రోజులకే, 17న, అమరాత్‌లో తొలి మ్యాచ్ జరిగింది. ఒమాన్ పది వికెట్ల తేడాతో పాపువా న్యూగినీపై గెలిచింది. తొలి రౌండులో ఆరు మ్యాచ్‌లు అక్కడే ఆడారు. ఆ జట్టులో చాలామంది పగలు కంపెనీల్లో ఉద్యోగాలు చేసి, సాయంత్రం సాధన చేసినవాళ్ళే. వారిలో సందీప్ గౌడ్ మన హైదరాబాదులో పుట్టినవాడు!

ఖిమ్జీ గారు ఆ మ్యాచ్ చూడలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో కన్నుమూశారు.

ఇంటి పని: మీ అమ్మానాన్నలు చదివిన బడికి ఆటస్థలం ఉండేదా? ఆ నేల ఎవరిచ్చారు? తాతగారికి ఫోను చేసి కనుక్కుని, తెలుగులో అయిదు వాక్యాలు రాసుకురండి. పేర్లు మాత్రం తప్పు లేకుండా రాయాలి.