ఇంట్లో చుట్ట వాసన

మన ఊళ్లలో చుట్ట తాగే ఇళ్లు ఉన్నాయి. బీడీ తాగే ఇళ్లు ఉన్నాయి. పట్నంలో అయితే సిగరెట్. ఏది తాగినా, తాగిన మనిషి లేచి పనికి వెళ్లిపోతాడు. వాసన మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది.

ఒక ఇల్లు అనుకుందాం. రెండు గదుల పెంకుటిల్లు. ఇంటి పెద్దాయన ముప్పయ్యేళ్లుగా చుట్ట తాగుతున్నాడు. నడవలో ఆయన మంచం. మంచం కింద బూడిద చిప్ప. కూతురు పురిటికి వస్తోంది. ఇంకా నెల రోజులు ఉంది. తల్లి ఇల్లు సర్దుతోంది.

"ఏమయ్యా, ఈ వాసన అమ్మాయికి పడదు. వచ్చీ రాగానే వాంతి చేసుకుంటుంది" అంది ఆవిడ.

"ఏం వాసన? నాకేం రావడం లేదే!" అన్నాడు పెద్దాయన.

"నీకెలా వస్తుంది? నువ్వు అందులోనే ఉంటివి."

ఆవిడ మాట నిజం. రోజూ పీల్చే వాసనను ముక్కు పట్టించుకోదు. మన ఇంట్లో వాసన ఉందో లేదో తెలియాలంటే ఒక పని చేయండి. తెల్లటి పాతగుడ్డ తీసుకోండి. తడిపి పిండండి. తాగే మనిషి కూచునే చోట గోడను గట్టిగా తుడవండి. గుడ్డ పసుపు రంగుకో గోధుమ రంగుకో తిరిగితే అది వట్టి దుమ్ము కాదు. పొగ పేరుకున్నదే.

పొగ గాలిలో కలిసిపోయింది అనుకుంటాం. పూర్తిగా కలవదు. పొగలో తారు ఉంటుంది. ఇది రోడ్డుకు వేసే తారు కాదు గానీ, దానిలాగే జిగురుగా ఉంటుంది. నికోటిన్ అనే విషం కూడా ఉంటుంది. ఇవి గోడకు, దూలాలకు, దుప్పటికి, దిండుకు, దండెం మీది బట్టలకు అంటుకుంటాయి. తర్వాత కొంచెం కొంచెంగా మళ్లీ గాలిలోకి వస్తాయి. అదే మనకు వచ్చే వాసన. వానాకాలం తేమకు మరీ ఎక్కువ వస్తుంది.

అందుకే అగరుబత్తి వెలిగిస్తే ఈ వాసన పోదు. సాంబ్రాణి వేస్తే పోదు. ఒక పొగ మీద ఇంకో పొగ కప్పినట్టు అవుతుంది, అంతే. బజారులో అమ్మే సువాసన సీసాలూ ఇంతే. డబ్బులు దండగ. అన్నట్టు, పసిబిడ్డకు స్నానం చేయించి సాంబ్రాణి పొగ పట్టే అలవాటు మనకుంది. పిల్లల డాక్టర్లు అది వద్దంటారు. బిడ్డ ఊపిరితిత్తులు చాలా లేతవి. ఏ పొగా పనికిరాదు.

మరి ఏం చేయాలి?

ముందు ఇంట్లో తాగడం ఆగాలి. అది ఆగకుండా ఎన్ని కడిగినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. ఇది కష్టమైన పని. చీపురు పట్టడం తేలిక, ఇంటి పెద్దకు చెప్పడం కష్టం. కోడలు మామగారికి చెప్పలేదు. కొడుకు తండ్రికి చెప్పడానికి జంకుతాడు. తిడుతూ చెబితే పట్టుదల పెరుగుతుంది. మన ఆవిడ తిట్టలేదు.

"ముప్పయ్యేళ్లలో నిన్ను ఒక్కటీ అడగలేదు. పుట్టబోయే బిడ్డ కోసం అడుగుతున్నాను. చుట్ట ఈ గడప లోపల వెలిగించకు" అంది.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. "వాన పడితేనో?" అన్నాడు చివరికి.

"పశువుల పాక ఉంది గదా!"

"నన్ను పశువుల పాకకు పంపుతావన్నమాట!" అని ఆయన విసురుగా లేచాడు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. కానీ మర్నాడు పొద్దున మంచం కింది బూడిద చిప్పను ఆయనే తీసుకెళ్లి పాకలో పెట్టాడు.

అరుగు మీద తాగితే చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. పొగ గుమ్మంలోంచి, కిటికీలోంచి లోపలికే వస్తుంది. పక్కగదిలో తలుపు వేసుకు తాగినా తలుపు కింది సందులోంచి వస్తుంది. ఇంటికి దూరంగా వెళ్లాలి.

ఇక కడగడం సంగతి. ఎండ బాగా ఉన్న రోజులు చూసుకోండి. ఇంట్లో గుడ్డ అన్నది ఏదీ మిగలకుండా బయట వేయండి. దుప్పట్లు, దోమతెర, కిటికీ తెరలు, దండెం మీది చొక్కాలు, గోనెసంచులు, కాలు తుడుచుకునే పట్టా కూడా. వేడినీళ్లలో బట్టల సోడా వేసి నూలు బట్టలు నానబెట్టి ఉతకండి. పట్టుబట్టలకు, ఉన్నిబట్టలకు సోడా వద్దు. అవి పాడవుతాయి. వాటిని నీడలో గాలికి ఆరవేస్తే చాలు. బొంతలు, పరుపులు రెండు మూడు రోజులు ఎండలో వేసి తిప్పుతూ ఉండండి. తాగే మనిషి దిండు మాత్రం ఎండకు లొంగదు. దూది తీసి ఏకించి కొత్త గలేబు వేయండి. దూది మరీ పాతదైతే పారేయండి. ఏళ్ల తరబడి పొగ పీల్చిన దూది అది.

తర్వాత గోడలు. ఇక్కడే చాలామంది తప్పు దారి పడతారు. కడగకుండా సున్నం కొట్టేస్తారు. నెల తిరిగేసరికి సున్నంలోంచి పసుపు మరకలు పైకి వస్తాయి. వాసనా వస్తుంది. కాబట్టి ముందు కడగాలి. ఒక బకెట్ వేడినీళ్లలో గుప్పెడు బట్టల సోడా, కాస్త సబ్బు కలపండి. చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకోండి. సోడా చర్మాన్ని కొరుకుతుంది. గోడను కింది నుంచి పైకి రుద్దుకుంటూ పోండి. పై నుంచి మొదలుపెడితే మురికినీళ్లు కిందికి కారి చారలు పడతాయి. నీళ్లు నల్లబడగానే మార్చండి. చివర మంచినీళ్లతో తుడవండి. కరెంటు బల్బు, స్విచ్చి, మీటరు దగ్గర తడిచెయ్యి పెట్టవద్దు. మెయిన్ ఆపి పొడిగుడ్డతో తుడవండి. ఫ్యాను రెక్కల మీద, గోడకు వేలాడే పటాల అద్దాల మీద జిడ్డు చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. దూలాలు, తలుపులు, పెట్టెల అడుగులు కూడా మరవకండి.

మట్టిగోడ అయితే కడగలేం. పైపూత పలుచగా గీకేసి కొత్తగా మట్టి మెత్తండి. తాటాకు కప్పులో పట్టిన వాసన ఆకు మార్చినప్పుడే పూర్తిగా పోతుంది. పెంకులైతే దింపి కడగవచ్చు.

గోడ బాగా ఆరాక సున్నం వేయండి. రాతిసున్నం నీళ్లలో పడితే కుతకుత ఉడుకుతుంది. ప్లాస్టిక్ బకెట్ కరిగిపోతుంది. ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, అందులో సున్నం కొంచెం కొంచెంగా వేయాలి. సున్నం మీద నీళ్లు గుమ్మరించవద్దు. ఎగిరి కంట్లో పడితే చూపు పోతుంది. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. కంట్లో పడితే వెంటనే చాలాసేపు మంచినీళ్లతో కడిగి ఆస్పత్రికి పరుగెత్తండి. కడుపుతో ఉన్న మనిషి చేత ఈ పనులేవీ చేయించవద్దు.

ఇంకో జాగ్రత్త. వాసన తొందరగా పోవాలని కొందరు బ్లీచింగ్ పొడి, మరుగుదొడ్డి కడిగే యాసిడ్ కలుపుతారు. ఆ రెండూ కలిస్తే విషపుగాలి పుడుతుంది. ప్రాణం మీదికి వస్తుంది.

అన్నీ అయ్యాక ఎదురెదురు తలుపులు, కిటికీలు పగలంతా తెరిచి ఉంచండి. మూల మూలకు గంపలో పొయ్యి బొగ్గులు పెట్టవచ్చు. చల్లారినవి, నిప్పు లేనివి. మిగిలిన వాసనను బొగ్గు కొంత పీల్చుకుంటుంది.

ఇంత శ్రమ వాసన కోసమేనా? కాదు. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉన్నాయి. వాటిలో 70 దాకా కాన్సర్ తెచ్చేవి. ఇంట్లో ఒకరు తాగితే పక్కవాళ్లు కూడా పీలుస్తారు. తాగనివాళ్లు ఈ పొగ వల్ల ప్రపంచంలో ఏటా పది లక్షలకు పైగా చనిపోతున్నారు. పసిపిల్లలకు ఉబ్బసం, నిమోనియా, చెవిపోటు వస్తాయి. నిద్రలోనే ప్రాణం పోయే ప్రమాదం కూడా పెరుగుతుంది.

పొగ కనిపించకపోయినా ముప్పు ఉంది. బిడ్డ నేల మీద పాకుతుంది. గోడ పట్టుకు లేస్తుంది. అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. పేరుకున్న విషం లోపలికి పోతుంది. ఇది ఎక్కడో చూసి చెప్పిన మాటే. అమెరికాలోని కాలిఫోర్నియాలో శాస్త్రవేత్తలు కొన్ని ఇళ్లను పరీక్షించి 2011లో ఫలితం ప్రకటించారు. పొగ తాగేవాళ్లు ఖాళీ చేసిన ఇళ్లు అవి. సగటున రెండు నెలలు ఖాళీగా ఉన్నాయి. శుభ్రం చేసి అద్దెకిచ్చారు. తర్వాత పొగ తాగని కుటుంబాలు చేరాయి. అయినా ఇంటి దుమ్ములో నికోటిన్ ఉంది. చేరినవాళ్ల వేళ్ల మీద కూడా ఉంది.

ఇది మగవాళ్ల సంగతే అనుకోకండి. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. మండే కొన నోట్లో పెట్టుకుంటారు. దానివల్ల అంగుట్లో పుండ్లు, కాన్సర్ వస్తాయి. ఇంట్లో వంట చేస్తూ, పిల్లను ఒళ్లో పెట్టుకుని తాగే అమ్మమ్మలు ఉన్నారు. వాళ్లతోనూ ఈ మాట మాట్లాడాలి.

పొగాకు చట్టం 2003లో వచ్చింది. 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా ఆస్పత్రిలో, ఆఫీసులో, సినిమా హాల్లో పొగ తాగడం నిషేధం. ఇంట్లోకి మాత్రం ఆ చట్టం రాదు. ఇంట్లో నియమం మనమే పెట్టుకోవాలి.

తాగి వచ్చిన మనిషి వెంటనే బిడ్డను ఎత్తుకోకూడదు. కండువా, చొక్కా బయట దండెం మీద వేయాలి. చేతులు, నోరు సబ్బుతో, నీళ్లతో కడుక్కోవాలి. మన పెద్దాయనకు ఇది మొదట చిరాకు పుట్టించింది. రోజుకు ఆరుసార్లు చొక్కా మార్చలేక చుట్టలు మూడుకు తగ్గించాడు! పూర్తిగా మానాలనుకునేవాళ్లు 1800-11-2356 నంబరుకు ఫోన్ చేయవచ్చు. డబ్బులు పడవు. ఎలా మానాలో చెబుతారు.

చదివాక మీ కేంద్రంలో మాట్లాడుకోండి:

మీ ఇంట్లో ఎవరు, ఎక్కడ కూచుని తాగుతారు? వాళ్లకు చెప్పగలిగే మనిషి ఇంట్లో ఎవరు? ఆ మాట ఎలా మొదలుపెడతారు? రెండు వాక్యాలు రాయండి.

మీ ఊళ్లో బీడీ కట్ట ధర ఎంత? రోజుకు ఒక కట్ట చొప్పున 30 రోజులకు ఎంత అవుతుంది? అదే డబ్బుతో ఎన్ని కిలోల బట్టల సోడా, ఎంత సున్నం వస్తాయో దుకాణంలో అడిగి లెక్క వేయండి.