అయస్కాంత లిపి

పాఠ్యభాగ సందర్భం: గ్రంథ రక్షణ అనగానే తాళపత్రాలు, రాగిరేకులు, శిలాశాసనాలు స్ఫురిస్తాయి. గత అర్ధ శతాబ్దిలో మానవుడు తన రాతను అయస్కాంత ఫలకాలకు అప్పగించాడు. ఆ ఫలకాలలో కొన్నింటికి నకలు తీయరాకుండా తాళం కూడా వేశాడు. ఆ తాళాన్ని విరగగొట్టకుండా, దాన్ని తాళంగానే భద్రపరుస్తూ లోపలి రాతను చదివే విద్యను ఈ పాఠం పరిచయం చేస్తుంది.

తెనాలికి చేరువలోని నందివెలుగు నుండి బయలుదేరి, తెనాలిలో రేపల్లె రైలెక్కితే వేమూరు దాటిన తరువాత భట్టిప్రోలు వస్తుంది. అక్కడి బౌద్ధ స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే జరిపిన తవ్వకాలలో ధాతు కరండాలు బయల్పడ్డాయి. వాటిపై చెక్కిన ప్రాకృత లేఖనాలను జర్మన్ పండితుడు జార్జ్ బ్యూలర్ చదివాడు. చూపునకు అది అశోకుని బ్రాహ్మీ లిపి వలెనే ఉన్నది. కాని ఘ, జ, మ, ల, ష అనే ఐదు అక్షరాల రూపాలు వేరు. అంతకంటె విచిత్రమైనది మరొకటి. అశోకుని శాసనాలలో దీర్ఘమైన ‘ఆ’కారాన్ని తెలిపే గీత, భట్టిప్రోలులో హ్రస్వమైన ‘అ’కారాన్ని తెలుపుతుంది. అశోక లిపి నియమాన్నే పట్టుకొని చదివేవానికి ప్రతి హ్రస్వమూ దీర్ఘమై వినిపిస్తుంది. రాతిపై గుర్తులన్నీ చెక్కుచెదరక ఉన్నా, ఏ నియమంతో చదవాలో తెలియకపోతే చదువు తప్పుతుంది. ఫ్లాపీ విషయంలోనూ చిక్కు ఇటువంటిదే.

ఫ్లాపీ డిస్క్‌ను ఐ.బి.ఎం. సంస్థ 1971లో 8 అంగుళాల పరిమాణంలో విడుదల చేసింది. 1976లో 5.25 అంగుళాల ఫ్లాపీ, 1981లో సోనీ వారి 3.5 అంగుళాల ఫ్లాపీ వచ్చాయి. పరిమాణం ఏదైనా సూత్రం ఒక్కటే. పలుచని ప్లాస్టిక్ బిళ్లపై ఐరన్ ఆక్సైడ్ పూత ఉంటుంది. 5.25, 3.5 అంగుళాల ఫ్లాపీలలో బిళ్ల సాధారణంగా నిమిషానికి 300 సార్లు, అనగా 200 మిల్లీసెకన్లకు ఒకసారి తిరుగుతుంది. దానిపై ఆనుకొని ఉన్న చదువు తల, పూతలో అయస్కాంత దిశ మారిన ప్రతిసారీ ఒక విద్యుత్ స్పందనను పంపుతుంది. ఫ్లాపీపై నిజంగా ఉన్నవి ఈ దిశ మార్పులే. అక్షరాలు లేవు, అంకెలు లేవు. ఒక మార్పునకూ మరొక మార్పునకూ నడుమ ఎడం మాత్రమే ఉన్నది. ఆ ఎడాలను కొలిచి బైట్లుగా మార్చే చిప్‌నే ఫ్లాపీ డిస్క్ కంట్రోలర్ అంటారు. కరండ లేఖనాలను చదివిన బ్యూలర్ పని ఈ చిప్‌ది.

ఉదాహరణకు బిబిసి మైక్రో అనే కంప్యూటర్‌ను తీసుకోవచ్చు. బ్రిటన్‌లోని ఏకార్న్ సంస్థ దీనిని 1981 డిసెంబరులో విడుదల చేసింది. ఇది భారతీయులకు పరాయి యంత్రం కాదు. భారత ప్రభుత్వం పాఠశాలలలో కంప్యూటర్ పరిజ్ఞానం కోసం 1984-85లో ‘క్లాస్’ అనే పథకాన్ని ప్రారంభించి, తొలి విడతలో 250 పాఠశాలలకు అందించినవి ఈ యంత్రాలే. ఒక తరం భారతీయ విద్యార్థులు మొట్టమొదట మీట నొక్కిన కంప్యూటర్ ఇదే కావచ్చును.

బిబిసి మైక్రో డిస్క్‌లో ఒక ముఖానికి 40 లేదా 80 వలయాలు ఉంటాయి. వలయాన్ని ట్రాక్ అంటారు. ఒక్కొక్క ట్రాక్‌లో 10 సెక్టార్లు, ఒక్కొక్క సెక్టారులో 256 బైట్లు. ఆ లెక్కన ట్రాక్‌కు 2,560 బైట్లు, 80 ట్రాక్‌లకు 200 కిలోబైట్లు. అయితే బిళ్ల ఒక చుట్టు తిరిగేలోగా తల కిందుగా పోగలిగినవి సుమారు 3,125 బైట్లు. మిగిలిన 500 పైచిలుకు బైట్లలో ఏమున్నవి? ప్రతి సెక్టారునకూ ముందు ఒక శీర్షిక ఉంటుంది. ట్రాక్ సంఖ్య, ముఖం సంఖ్య, సెక్టారు సంఖ్య, పరిమాణ సంకేతం అందులో ఉంటాయి. ఆ వెనుక సరిచూపు సంఖ్య, కొంత ఖాళీ, తరువాత అసలు సమాచారం, దానికి మరొక సరిచూపు సంఖ్య. ఈ సరిచూపు సంఖ్యను సి.ఆర్.సి. అంటారు. ముందున్న బైట్లన్నింటినీ గణిత సూత్రంలో వేసి రాబట్టిన శేషమిది. చదివిన బైట్ల నుండి మళ్లీ లెక్కకట్టిన శేషం దీనితో సరిపోలకపోతే, ఎక్కడో పొరపాటు జరిగిందని కంట్రోలర్ గ్రహిస్తుంది.

శీర్షిక ఎక్కడ మొదలవుతుందో కంట్రోలర్‌కు ఎట్లా తెలుస్తుంది? ఇక్కడ ఒక చమత్కారం ఉన్నది. ఈ డిస్క్‌లలో ప్రతి సమాచార బిట్టునకూ ముందు తాళం వేసినట్లు ఒక గడియార స్పందన ఉంటుంది. శీర్షిక ఆరంభాన్ని సూచించే గుర్తులో మాత్రం వరుసగా మూడు గడియార స్పందనలను కావాలనే వదిలివేస్తారు. లయ తప్పిన ఆ చోటు మామూలు సమాచారంలో ఎన్నడూ రాదు. అందువలన దానిని చూడగానే కంట్రోలర్ చెవులు రిక్కిస్తుంది.

1980లలో సాఫ్ట్‌వేర్ వ్యాపారులకు ఒక బెడద ఉండేది. ఒకరు కొన్న ఫ్లాపీకి పదిమంది నకళ్లు తీసుకొనేవారు. దానిని ఆపడానికి వారు ఈ కట్టడిని ఉద్దేశపూర్వకంగా తప్పించారు. కొందరు ఒక ట్రాక్ శీర్షికలలో మరొక ట్రాక్ సంఖ్యను రాశారు. కొందరు ఒకే సంఖ్యతో రెండు సెక్టార్లు ఉంచారు. కొందరు సరిచూపు సంఖ్యను తప్పుగా రాసి, చదివినప్పుడు ఆ తప్పు వస్తున్నదా లేదా అని ప్రోగ్రాం చేతనే పరీక్షింపజేశారు. తప్పు కనబడితే అసలు ఫ్లాపీ, అంతా సక్రమంగా ఉంటే దొంగ నకలు! సాధారణ నకలు ప్రోగ్రాం బుద్ధిమంతుడైన లేఖకుని వంటిది. చదివిన సమాచారాన్ని కొత్త ఫ్లాపీపై శుభ్రంగా, సరియైన సరిచూపు సంఖ్యతో రాసిపెడుతుంది. ఆ శుభ్రతే దానిని పట్టిస్తుంది.

వీటన్నింటిలోనూ మిక్కిలి కపటమైనది ‘బలహీన బిట్ల’ పద్ధతి. ట్రాక్‌లో కొంత మేర అయస్కాంత మార్పు ఏదీ లేకుండా వదిలివేస్తారు. డ్రైవ్‌లోని వర్ధకం సంకేతం అందక తన శక్తిని పెంచుకుంటూ పోతుంది. చివరకు విద్యుత్ రొదనే స్పందనలుగా భ్రమిస్తుంది. కాబట్టి ఆ చోటును ఎన్నిమార్లు చదివితే అన్ని రకాల బైట్లు వస్తాయి. ప్రోగ్రాం ఆ సెక్టారును రెండుసార్లు చదువుతుంది. రెండు చదువులూ ఒక్కటైతే అది నకలని తేల్చి ఆగిపోతుంది. 1987లో అటారీ ఎస్.టి. యంత్రానికి వచ్చిన ‘డంజన్ మాస్టర్’ అనే ఆట ఇటువంటి అస్థిర బిట్లకే పేరుపడింది. అందులో తనిఖీలు ఆట మధ్యలో కూడా జరిగేవి. నకలు సంపాదించినవాడు కొంత దూరం ఆడిన తరువాత గాని మోసపోయినట్లు గ్రహించేవాడు కాడు.

ఇప్పుడు ఆ యంత్రాలు లేవు. సోనీ సంస్థ 2011లో ఫ్లాపీల అమ్మకాన్ని నిలిపివేసింది. పాత యంత్రాన్ని నేటి కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ ద్వారా తిరిగి బ్రతికించే విధానాన్ని ఎమ్యులేషన్ అంటారు. ప్రాసెసర్‌ను అనుకరించడం కొంత సులభం; దాని ఆదేశాలన్నీ పుస్తకంలో ఉంటాయి. కంట్రోలర్‌ను అనుకరించడంలోనే అసలు కష్టం. ఎమ్యులేటర్ రచయితలు తొలినాళ్లలో ఒక అడ్డదారి తొక్కారు. ప్రోగ్రాం ఫలానా సెక్టారు కావాలని అడగగానే, ఫైలులోని ఆ 256 బైట్లను తక్షణమే చేతిలో పెట్టేవారు. రక్షణ లేని ఫ్లాపీలకు ఇది చాలును. రక్షణ ఉన్నవాటికి చాలదు. ఏలయన, ఆ ఫైలులో తప్పుడు శీర్షికలకూ, చెడిన సరిచూపు సంఖ్యలకూ, బలహీన బిట్లకూ చోటే లేదు.

కాలం కూడా ఒక సాక్షి. బిబిసి మైక్రోలో ప్రాసెసర్ సెకనుకు 20 లక్షల చక్రాల వేగంతో పనిచేస్తుంది. ఫ్లాపీ నుండి ఒక్కొక్క బైటు 64 మైక్రోసెకన్లకు ఒకటి చొప్పున వస్తుంది. అనగా రెండు బైట్ల నడుమ ప్రాసెసర్‌కు దక్కే వ్యవధి 128 చక్రాలు. బైటు రాగానే కంట్రోలర్ తలుపు తడుతుంది. ఆ వ్యవధిలో అందుకోకపోతే బైటు జారిపోతుంది. కొన్ని రక్షణ ప్రోగ్రాంలు ఒక సెక్టారు నుండి మరొక సెక్టారునకు పట్టిన సమయాన్ని లెక్కించి, అది నకలు ఫ్లాపీ సమయమైతే ముందుకు సాగవు. కనుక మంచి ఎమ్యులేటర్ తన లోపల ఒక కల్పిత బిళ్లను ఎడతెగక తిప్పుతూ ఉండాలి. అడిగిన సెక్టారు తల కిందికి వచ్చే వరకు వేచి ఉండాలి. సరిచూపు సంఖ్య తప్పితే అసలు చిప్ ఏ ఫలితాంకం ఇచ్చేదో దానినే ఇవ్వాలి. బలహీన బిట్లు వచ్చినచోట ప్రతి చదువులోనూ కొత్త బైట్లు పుట్టించాలి.

చిప్ పేరు కూడా ముఖ్యమే. బిబిసి మైక్రోకు మొదట అమర్చినది ఇంటెల్ వారి 8271. తరువాతి కాలంలో వెస్టర్న్ డిజిటల్ వారి 1770 వచ్చింది. రెండూ ఒకే ఫ్లాపీని చదువుతాయి. కాని అడిగే తీరు వేరు, జవాబు చెప్పే తీరు వేరు. సెక్టారు దొరకకపోతే 8271 షోడశాంక పద్ధతిలో 18 అనే ఫలితాంకాన్ని ఇస్తుంది. 1770 అదే సంగతిని స్థితి రిజిస్టరులో ఒక బిట్టును వెలిగించి తెలుపుతుంది. 8271తో నేరుగా మాట్లాడేటట్లు రాసిన రక్షణ ప్రోగ్రాంలు 1770 ఉన్న యంత్రంలో మొండికేశాయి. డబ్బు పెట్టి అసలు ఫ్లాపీ కొన్నవాడే కొత్త యంత్రంలో దానిని నడపలేకపోయాడు. దొంగను ఆపడానికి వేసిన తాళం ఇంటివానిని బయట నిలబెట్టింది. ఈ రెండు చిప్‌ల స్వభావాలను వేర్వేరుగా, స్పందనల స్థాయిలో అనుకరించడానికి శ్రమించినవారిలో ‘బీబ్‌జిట్’ ఎమ్యులేటర్ కర్త క్రిస్ ఎవాన్స్‌ను పేర్కొనవచ్చు.

ఎమ్యులేటర్‌కు ఆహారం కావాలి. అది ఫ్లాపీ ప్రతిబింబం. దానిని తీయడానికి నేడు క్రయోఫ్లక్స్, సూపర్‌కార్డ్ ప్రో, గ్రీజ్‌వీజిల్ వంటి పరికరాలు ఉన్నాయి. ఇవి కంట్రోలర్ చిప్‌ను పూర్తిగా పక్కకు తప్పిస్తాయి. ఏది అక్షరం, ఏది శీర్షిక అన్న విచారణ చేయవు. దిశ మార్పుల నడుమ ఎడాలను నానోసెకన్లలో కొలిచి, ఒక్కొక్క ట్రాక్‌ను అనేక చుట్లు నమోదు చేస్తాయి. సూపర్‌కార్డ్ ప్రో కొలత సూక్ష్మత 25 నానోసెకన్లు. చుట్టు చుట్టుకూ మారే చోటు బలహీన బిట్లదని తరువాత పోల్చి తెలుసుకోవచ్చు. శాసన పరిశోధకుడు తన చదువును ముందుగా రాసుకొనక, రాతిపై కాగితం అద్ది అచ్చు తీసుకొనడం వంటిది ఈ పద్ధతి. చదువు తప్పైతే దిద్దుకోవచ్చు, అచ్చు మాత్రం మిగిలి ఉంటుంది.

ఇంత ప్రయాస ఎందుకు, తాళం ఊడగొట్టిన నకళ్లు ఆనాడే చలామణీ అయినవి కదా అని కొందరు అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉన్నది. ఎన్నో ప్రోగ్రాంలు నేటికి దక్కినది అటువంటి నకళ్ల వల్లనే. కాని తాళం ఊడగొట్టినవాడు ప్రోగ్రాంను మార్చాడు. ఒకచోట తనిఖీని తొలగించాడు, మరొకచోట తన పేరు చేర్చాడు, జాగా చాలక ఒక చిత్రాన్ని తీసివేశాడు. తాళపత్ర ప్రతులలో లేఖకుడు తనకు తోచిన దిద్దుబాటు చేసి పాఠాంతరం పుట్టించినట్లే ఇదీ. మాతృక ఉంటేనే పాఠాంతరాన్ని గుర్తించగలం.

జాగు చేస్తే ఏమగునో చెప్పడానికి డూమ్స్‌డే ప్రాజెక్టు ప్రసిద్ధ ఉదాహరణ. ఇంగ్లండులో 1086 నాటి భూముల లెక్కల గ్రంథానికి 900 ఏండ్లు నిండిన సందర్భంగా, 1986లో బిబిసి దేశ ప్రజల జీవితాన్ని లేజర్ డిస్క్‌లపై నమోదు చేసింది. చదవడానికి బిబిసి మైక్రో కుటుంబపు యంత్రం, ప్రత్యేకమైన డిస్క్ ప్లేయర్ కావాలి. 16 ఏండ్లు గడిచేసరికి పనిచేసే ప్లేయర్లు అరుదైపోయాయి. లీడ్స్, మిషిగాన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2002లో ఎమ్యులేషన్ ద్వారానే దానిని తిరిగి చూపగలిగారు. 1086 నాటి తోలు గ్రంథం మాత్రం ఏ యంత్రమూ అక్కరలేకుండా చదవడానికి వీలుగానే ఉన్నది.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. భారత కాపీరైట్ చట్టం 1957కు 2012లో జరిగిన సవరణ, సాంకేతిక తాళాలను భేదించడాన్ని 65ఎ సెక్షన్ కింద నేరంగా పరిగణించింది; చట్టం నిషేధించని ప్రయోజనాలకు మినహాయింపు ఇచ్చింది. న్యాయంగా ప్రోగ్రాంను పొందినవాడు, అది పోతుందేమోనన్న జాగ్రత్తతో నకలు ఉంచుకొనడాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. వాణిజ్యేతర ప్రజా గ్రంథాలయం తన వద్ద ఉన్న కృతిని ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరచుకొనవచ్చునని కూడా అదే సెక్షన్ చెప్పింది. అయితే ఆ గ్రంథాలయం వద్ద ముందే ‘డిజిటల్ కాని ప్రతి’ ఉండాలని షరతు. కాగితపు పుస్తకానికి ఇది వర్తిస్తుంది. పుట్టుకతోనే డిజిటల్ అయిన ఫ్లాపీకి కాగితపు ప్రతి ఎక్కడిది? అమెరికాలో 2003లోనే, వాడుక తప్పిన రూపాలలో ఉండి అసలు ఫ్లాపీయో యంత్రమో ఉంటే గాని తెరుచుకోని ప్రోగ్రాంలకు మినహాయింపు లభించింది.

తెలుగువారికి ఈ విషయం ఆటలతో ఆగదు. 1990లలో డి.టి.పి. వచ్చిన తరువాత తెలుగు పుస్తకాలు, పత్రికలు, పెండ్లి శుభలేఖల వరకు ఫ్లాపీలలోనే నిలువ ఉండేవి. కృష్ణా డెల్టా వంటి తేమ నేలలో ఫ్లాపీ పూతకు బూజు పట్టడం సహజం. బూజు పట్టిన ఫ్లాపీని శుభ్రపరచకుండా డ్రైవ్‌లో పెడితే, తల ఆ పూతను గీకివేస్తుంది. ఆ ట్రాక్ మళ్లీ దక్కదు. జాగ్రత్తగా చదివి ఫైలు తెరిచినా, తెర మీద తెలుగు కనబడదు. యూనికోడ్‌లో తెలుగునకు 1991లోనే స్థానం లభించినా, సామాన్యుని కంప్యూటర్‌లో అది పనిచేయడం 2001లో విండోస్ ఎక్స్‌పి వచ్చిన తరువాతి మాట. అంతకు ముందు ఒక్కొక్క ఫాంట్ సంస్థ తన సొంత సంకేత పట్టికను వాడుకొన్నది. ఒకరి ‘క’ మరొకరికి తలకట్టు, ఇంకొకరికి ఒక ఆంగ్లాక్షరం. పట్టిక దొరకనప్పుడు చేయగలిగినది ఒక్కటే: అదే పుస్తకం అచ్చు ప్రతిని పక్కన పెట్టుకొని, ఏ సంకేతం ఏ అక్షరమో, ఏది గుణింతపు గుర్తో, ఏది ఒత్తో ఒక్కొక్కటిగా పోల్చి రాసుకోవడం. ముందు తలకట్టును విడదీస్తే, తక్కినవి కొంత త్వరగా తేలుతాయి.