వార్షికోత్సవ వీడియోలో పాత టీవీ చుక్కలు

మన హాస్టల్ వార్షికోత్సవానికి వీడియో చేస్తున్న తమ్ముళ్లు ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు: "అన్నా, పాత టీవీల బొమ్మ పోయినప్పుడు వచ్చే చుక్కలు ఎట్ల పెట్టాలె?" ఇప్పుడు ఎనిమిదో తరగతి చదివేవాళ్లు ఆ చుక్కలను సినిమాల్లో తప్ప చూసి ఉండరు. కేబుల్ టీవీ అంతా డిజిటల్‌కు మారడానికి చివరి గడువు 2017. దూరదర్శన్ యాంటెన్నా ప్రసారాలు కూడా 2022 నాటికి దాదాపుగా ఆగిపోయాయి. డిజిటల్‌లో సిగ్నల్ తగ్గితే బొమ్మ గడులు గడులుగా విరిగి ఆగిపోతుంది, చుక్కలు రావు.

అన్నలకు మాత్రం అవి బాగా తెలుసు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. మన షాద్‌నగర్ అక్కడికి దాదాపు 50 కిలోమీటర్లు. ఇంటి మీదికెక్కి ఒకరు యాంటెన్నా కట్టె తిప్పుతూ "అచ్చిందా?" అని అరిస్తే, లోపలి నుంచి "అచ్చింది... పోయింది... ఆడ్నే ఆపు!" అని కేకలు వేసేవాళ్లట. మా నాయిన ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు.

చుక్కలు ఎందుకు వస్తాయో తెలిస్తే తయారు చేయడం సులువు. సిగ్నల్ బలహీనంగా ఉంటే టీవీ దాన్ని పెంచి చూపిస్తుంది. సిగ్నల్ అసలే లేకపోతే పూర్తిగా పెంచేస్తుంది. అప్పుడు టీవీ లోపలి భాగాల్లో వేడికి కదిలే ఎలక్ట్రాన్ల అలజడి, యాంటెన్నాకు తగిలే ఇతర తరంగాలు పెద్దవై తెర మీద పడతాయి. వాటిలో ఒక శాతం దాకా విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలిన తరంగాలేనని అంటారు. (సైన్స్ తమ్ముళ్లూ, ఆ తరంగాలను కనిపెట్టినందుకే పెంజియాస్, విల్సన్‌లకు 1978లో నోబెల్ వచ్చింది. క్విజ్‌లో అడగవచ్చు.) రంగుకు వేరే సంకేతం రావాలి. అది అందకపోతే టీవీ రంగు భాగాన్ని తనే ఆపేస్తుంది. అందుకే చుక్కలు నలుపు తెలుపుల్లోనే ఉంటాయి. చాలామంది ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు పెట్టేస్తారు, చూడగానే దొంగ చుక్కలని తెలిసిపోతుంది.

ఇక పని. షాట్‌కట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. దొంగ కాపీల జోలికి పోనక్కర్లేదు. ముందుగా సెట్టింగ్స్‌లో వీడియో మోడ్‌ను ఎస్‌డీ పాల్‌గా పెట్టండి. మన పాత టీవీల లెక్క అదే: సెకనుకు 25 ఫ్రేములు, 625 గీతలు. తర్వాత ఫైల్ మెనూలో ఓపెన్ అదర్ నొక్కి, నాయిస్ ఎంచుకోండి. చుక్కలూ, 'స్‌స్‌స్' మనే శబ్దమూ రెండూ వచ్చేస్తాయి. ఒక పది సెకన్ల ముక్క చేసి ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ఆ ముక్కను మన అసలు హెచ్‌డీ ప్రాజెక్టులోకి తెచ్చుకోవాలి.

ఇంత తిరుగుడు ఎందుకంటే, హెచ్‌డీలోనే నేరుగా చేస్తే చుక్కలు ఆవగింజలో పదో వంతు అవుతాయి. పైగా వీడియో ఫైలు చిన్నది కావడానికి కారణం, ఒక ఫ్రేము ముందు ఫ్రేమును పోలి ఉండడమే. చుక్కల్లో ఏ రెండు ఫ్రేములకూ పోలిక ఉండదు. కాబట్టి వాట్సాప్‌లో పంపితే సన్న చుక్కలన్నీ కలిసి బూడిద పూసినట్టు అవుతాయి. చిన్న సైజులో చేసి పెద్దగా సాగదీస్తే చుక్క లావెక్కి కొంత నిలబడుతుంది. పక్కల నల్ల పట్టీలు వస్తే రానివ్వండి, పాత టీవీ తెర ఆ ఆకారంలోనే ఉండేది. శబ్దం మాత్రం 20 డెసిబెల్స్ దాకా తగ్గించండి. ముందు వరుసలో కూర్చునే చిన్నపిల్లలు ఉలిక్కిపడతారు.

రెండు ఫొటోల మధ్య అయితే పది ఫ్రేములు చాలు. అంతకు మించి పెడితే విసుగు. ఒక్క చోట మాత్రం ఎక్కువసేపు పెట్టమన్నాను. కొన్ని బ్యాచ్‌లకు మనకు ఒక్క ఫొటో కూడా దొరకలేదు. ఆ రోజుల్లో కెమెరా ఎవరి దగ్గర ఉండేది? ఆ సంవత్సరాలు వదిలేసి ముందుకు పోదామని తమ్ముళ్లు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ ఏళ్లలోనూ ఈ గదుల్లో పిల్లలు పడుకున్నారు, ఈ పళ్లేల్లోనే తిన్నారు. అక్కడ మూడు సెకన్లు చుక్కలు, వాటి మీద ఆ సంవత్సరం అంకె వేస్తున్నాం. టీవీ నడుస్తూనే ఉంది, మనకు బొమ్మ అందలేదు, అంతే.

ఈ సంచిక చదివే అన్నల్లో ఎవరి దగ్గరైనా పాత గ్రూప్ ఫొటో ఉంటే, మసకబారినా సరే, ఫోన్‌తో తీసి వార్డెన్ సార్‌కు పంపండి. ప్రాజెక్టు ఫైలు అలాగే ఉంచాం. చుక్కలు తీసి ఫొటో పెట్టడం రెండు నిమిషాల పని.