పనిముట్టు చౌక - పని భద్రమా?

ఒకప్పుడు మన గ్రామములలో బండి చక్రము సడలినచో వడ్రంగియు, ఇరుసు అరిగినచో కమ్మరియు సరిచేసెడివారు. నేడు ఎడ్లబండ్ల స్థానమున ట్రాక్టర్లు, ఆటోలు, చిన్న కార్లు వచ్చినవి. 2019వ సంవత్సరమున తెలంగాణలో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమములో ప్రతి గ్రామ పంచాయతీయు ఒక ట్రాక్టరును, ట్రాలీని, నీటి ట్యాంకరును సమకూర్చుకొనవలెనని నిర్ణయింపబడినది. వాహనము గ్రామమునకు వచ్చిన వెంటనే దాని మరమ్మతు కూడ గ్రామమునకు వచ్చినట్లే.

చక్రము మార్చుట, బ్యాటరీ తీగలు బిగించుట, ఇంజను నూనె మార్చుట వంటి చిన్న పనులకై ప్రతిసారి పట్టణమునకు పోవుట కాలమునకును ధనమునకును నష్టము. కావున పలువురు ఇంటివద్దనే ఈ పనులు చేసికొనుచున్నారు. ఇది మెచ్చదగినదే. అయితే ఇందులకు కావలసిన పనిముట్లు సంతలోను, పట్టణపు అంగళ్ళలోను, సెల్ ఫోను ద్వారా ఇంటికి తెప్పించుకొను పద్ధతిలోను మిక్కిలి చౌకగా దొరకుచున్నవి. వీనిని నమ్మవచ్చునా? ఈ ప్రశ్నకు “నమ్మవచ్చును” అనియు, “నమ్మరాదు” అనియు ఒక్కమాటలో చెప్పుట సరికాదు. ఏ పనిముట్టు, ఏ పనికి అన్నది ముందు తెలిసికొనవలెను.

ధర ఎక్కడ తగ్గును?

ఒక మంచి పానా తయారగుటకు మూడు దశలు కలవు. మొదటిది, తగిన ఉక్కును ఎన్నుకొనుట. ఉక్కులో కొద్దిపాటి క్రోమియమును, వనేడియమును కలిపినచో అది వంగక, విరుగక బలముగా నుండును. 1908లో అమెరికాలో వెలువడిన ఫోర్డు మోడల్-టి కారు భాగములలో వనేడియము ఉక్కును వాడిరి. నేటి మంచి పానాలన్నియు ఇంచుమించు ఈ జాతి ఉక్కుతో చేసినవే. రెండవది, ఎర్రగా కాల్చిన ఉక్కును అచ్చులో పెట్టి సమ్మెట పోటుతో రూపు దిద్దుట. మూడవది, పదును పట్టుట; అనగా కాల్చి, చల్లార్చి, మరల తగుమాత్రము వేడిచేయుట. మన కమ్మరి కొడవలికి చేయు పని ఇదియే. పదును తక్కువైన కొడవలి మడత పడును, ఎక్కువైనది విరుగును. పానాకును అంతే. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున తయారైన ఉక్కు ఒకప్పుడు దేశాంతరములకు ఎగుమతియై పేరు గాంచినది. ఉక్కు గుణము కంటికి కనబడు మెరుపులో గాక, చేసిన తీరులో నుండునని మన ప్రాంతమువారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు.

చౌక పనిముట్టులో ఈ మూడు దశలలో ఏదో ఒకటి కుంటుపడుచుండును. సాధారణపు ఇనుమును పోతపోసియో, రేకును కత్తిరించియో పైన మెరుపు పూత పూయుదురు. క్రొత్తలో రెండును ఒకే తీరుగా కనబడును. పిడిపై “క్రోమ్ వనేడియమ్” అను అక్షరములు చెక్కియుండుట మాత్రమే రుజువు కాదు. అక్షరములు చెక్కుటకు మంచి ఉక్కు అవసరము లేదు గదా.

కొలతలో లోపము

చౌక పానాలలో తరచుగా కనబడు దోషము విరుగుట కాదు, వదులుగా నుండుట. పానా నోరు నట్టుకు సరిగా అమరినచో బలము నట్టు పలకలపై పడును. వదులైనచో బలమంతయు మూలలపై పడి, మూలలు అరిగి, నట్టు గుండ్రనగును. అటుపై ఏ పానాయు పట్టదు. ఉలితో కొట్టియో, కోసియో తీయవలసి వచ్చును. గోటితో పోవలసినది గొడ్డలి దాక వచ్చుట అనగా ఇదియే.

కొలతల కలగాపులగము కూడ ఇందులకు ఒక కారణము. మన దేశమున మెట్రిక్ పద్ధతికి 1956లో చట్టము వచ్చినది. అయినను కొన్ని పాత ట్రాక్టర్లలో అంగుళపు కొలత నట్లు నేటికిని కలవు. అర అంగుళము అనగా 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 మిల్లీమీటర్ల పానా పట్టినట్లే తోచును. గట్టిగా బిగిసియున్నప్పుడు జారి నట్టును పాడుచేయును, పట్టినవాని వ్రేళ్ళ కణుపులు చిట్లును. సాకెట్టు కొనునప్పుడు లోపల పన్నెండు మూలలున్న దానికంటె ఆరు మూలలున్నది మేలు. అది నట్టు పలకలను నిండుగా పట్టుకొనును.

నూరు ముక్కల పెట్టెను చూచి ఆశపడరాదు. ఒక కారు చిన్న పనులకు ఎక్కువగా కావలసినవి 8, 10, 12, 13, 14, 17, 19 మిల్లీమీటర్ల కొలతలు. చక్రపు నట్లకు కొన్నిటికి 21 మిల్లీమీటర్లది. ఈ ఏడెనిమిది కొలతలు మంచివి కొనుట, నూరు నాసిరకపు ముక్కలు కొనుటకంటె లాభము.

మూడు తరగతుల విచక్షణ

కొనబోవు ప్రతి పనిముట్టును గూర్చి ఒక ప్రశ్న వేసికొనవలెను: “పని నడుమ ఇది విఫలమైనచో పోవునది ఏమి?” ఈ ప్రశ్నను బట్టి పనిముట్లను మూడు తరగతులుగా విభజింపవచ్చును.

మొదటి తరగతి: విఫలమైనను ఆ పనిముట్టు మాత్రమే పోవునవి. నూనె పట్టు పళ్ళెము, గరాటు, తీగ బ్రష్షు, చక్రములో గాలిని చూచు చిన్న కొలపాత్ర, అయస్కాంతపు గిన్నె, చేతి దీపము మున్నగునవి. వీనిని చౌకగా కొనుటలో దోషము లేదు. గాలి కొలపాత్రను మాత్రము పెట్రోలు బంకులోని దానితో ఒకసారి సరిపోల్చి చూడవలెను.

రెండవ తరగతి: విఫలమైనచో వాహనపు భాగము చెడునవి. పానాలు, సాకెట్లు, స్క్రూడ్రైవర్లు ఈ తరగతివి. వీనిలో మధ్యరకమునకు తక్కువైనవి కొనరాదు. టార్కు పానా, అనగా బిగింపు బలమును కొలుచు పానా, కూడ ఇందులోనిదే. చిన్న కారు చక్రపు నట్టును సుమారు 85 నుండి 110 న్యూటన్ మీటర్ల బలముతో బిగింతురు. 40 సెంటీమీటర్ల పొడవైన పిడి చివర 25 కిలోల బరువును వ్రేలాడదీసినచో కలుగు బలము సుమారు ఇంతయే. తక్కువగా బిగించినచో చక్రము ఊడును. పానాకు గొట్టము తగిలించి పైకెక్కి త్రొక్కినచో బోల్టు సాగి మర చెడును. మంచి టార్కు పానా నూటికి నాలుగు వంతుల తేడాకు మించకుండ కొలుచును. పని ముగిసిన పిదప దానిని అత్యల్ప గుర్తునకు త్రిప్పి భద్రపరుపవలెను. బిగిసిన నట్లను విప్పుటకు దానిని వాడరాదు.

మూడవ తరగతి: విఫలమైనచో మనుష్యుని ప్రాణము పోవునవి. జాకీ, వాహనము క్రింద నిలుపు స్టాండు, ట్రాలీని ఎత్తి నిలుపు ఊత, విద్యుత్తును పరీక్షించు మీటరు, విద్యుత్తు పనికి వాడు కటింగ్ ప్లయరు ఈ తరగతివి. వీనిలో పొదుపు పనికిరాదు.

జాకీ ఎత్తుటకే, నిలుపుటకు కాదు

హైడ్రాలిక్ జాకీలో బరువును మోయునది నూనె. ఆ నూనెను ఆపునది ఒక చిన్న రబ్బరు కట్టు. కట్టు చిట్లినచో జాకీ దిగిపోవును. ఇది చౌక జాకీకి త్వరగా జరుగును, మంచి జాకీకి ఆలస్యముగా జరుగును; ఏ జాకీకైనను జరుగవచ్చును. కావున ఎంత మంచి జాకీ అయినను దానినొక్కదానినే నమ్మి వాహనము క్రిందికి పోరాదు. జాకీతో ఎత్తి, దృఢమైన స్టాండ్లపై దింపి, వాహనమును ఒకసారి చేతితో ఊపి చూచి, అటుపిమ్మటనే పనికి పూనుకొనవలెను. ఇటుకలు, బండరాళ్ళు స్టాండ్లకు బదులు కాజాలవు. ఇటుక ముందుగా హెచ్చరిక చేయక ఒక్కసారిగా పగులును.

స్టాండ్లు కూడ పరీక్షకు అతీతములు కావు. 2020లో అమెరికాలో చౌక పనిముట్లు విక్రయించు హార్బర్ ఫ్రైట్ అను సంస్థ తాను అమ్మిన సుమారు 17 లక్షల స్టాండ్లను వెనుకకు తెప్పించుకొనవలసి వచ్చెను. తయారీ అచ్చులు పాతబడుటచేత వాని లోపలి పళ్ళు పూర్తిగా పట్టుకొనక, బరువు ఒక ప్రక్కకు మొగ్గినప్పుడు స్టాండు హఠాత్తుగా దిగిపోవు ప్రమాదము కనబడినది. వానికి బదులుగా ఇచ్చిన వానిలో కొన్నిటిని కూడ అతుకు లోపముచేత అదే సంవత్సరము తిరిగి పిలువవలసి వచ్చినది. ఇంటివద్ద కారు బాగుచేసికొను అలవాటు మిక్కిలిగా నున్న దేశములోనే ఇట్లు జరిగినది. తయారీదారుని పేరు తెలిసినందుననే ఆ లోపమును కనుగొని, కొన్నవారిని హెచ్చరించి, డబ్బు తిరిగి ఇచ్చుట సాధ్యమైనది. పేరు, చిరునామా లేని సంత సరుకునకు ఈ రక్షణ లేదు.

బరువు లెక్క కూడ మరువరాదు. చిన్న కారు బరువు 800 మొదలు 1,000 కిలోల వరకు ఉండును. 5,000 లీటర్ల ట్యాంకరును నింపినచో నీటి బరువే 5 టన్నులు. కారుతో వచ్చిన జాకీని ట్యాంకరు క్రింద పెట్టుట ప్రాణముతో చెలగాటము. ముందుగా ట్యాంకరును ఖాళీ చేయవలెను. మన్ను నేలపై జాకీ క్రుంగకుండ క్రింద మందపు పలక వేయవలెను. నేలపై నున్న చక్రములకు ముందును వెనుకను అడ్డుకట్టలు పెట్టవలెను. ట్రాలీ తొట్టిని పైకెత్తి క్రింద పనిచేయునప్పుడు, హైడ్రాలిక్ గొట్టమును నమ్మక, తొట్టికి ఇనుప ఊత తప్పక పెట్టవలెను.

కారు మీటరు మోటారుకు పనికిరాదు

కారు బ్యాటరీ 12 వోల్టులది. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల వరకు చూపును. ఇంజను తిరుగుచున్నప్పుడు 13.8 నుండి 14.4 వరకు చూపవలెను. ఈ పనికి చౌక మీటరు చాలును. కాని ఆ మీటరునే తీసికొనిపోయి నీటి పథకపు మోటారు స్టార్టరులో 415 వోల్టుల త్రీఫేజు విద్యుత్తును పరీక్షించుట మిక్కిలి అపాయకరము. నాసిరకపు మీటరు లోపల తగిన రక్షణ లేనందున అది చేతిలోనే ప్రేలవచ్చును. అట్టి పనికి “కేటగిరీ 3” అను గుర్తును, తగిన వోల్టుల సంఖ్యయు గల మీటరునే, శిక్షణ పొందినవారే వాడవలెను. అట్లే ప్లయరు పిడికి రంగు తొడుగు ఉన్నంతమాత్రమున అది విద్యుత్తును ఆపునది కాదు. 1,000 వోల్టుల గుర్తు ఉన్నదా యని చూడవలెను.

కొనునప్పుడు పరీక్ష

1. తయారీదారుని పేరు, చిరునామా ఉన్నవా? భారతీయ ప్రమాణముల సంఖ్య చూపబడినదా? రెండు చివరలు తెరచియున్న పానాలకు 2028, రింగు పానాలకు 2029 సంఖ్యగల ప్రమాణములు కలవు.

2. క్రొత్త నట్టును ఒకదానిని వెంట తీసికొనిపోయి, పానాలో పెట్టి కదిపి చూడుడు. గలగలలాడినచో వదలివేయుడు.

3. పానా నోటి వద్ద పూత పొరలుగా లేచియున్నదా? లేచిన పూత కత్తివలె చేతిని కోయును.

4. ఒకే నమూనాను ముందుగా కొని, ఆకురాయితో మెల్లగా రుద్ది చూడుడు. మెత్తని ఇనుము సులభముగా అరుగును. పదును పట్టిన ఉక్కు గట్టిగా ఎదిరించును.

5. జాకీని బరువు క్రింద పది నిమిషములు ఉంచి, ఎత్తు తగ్గుచున్నదేమో కొలిచి చూడుడు. ఆ సమయమున ఎవ్వరును క్రిందికి పోరాదు.

పంచాయతీ చేయదగిన పని

ప్రతి ఇంటికి మంచి జాకీ, నాలుగు స్టాండ్లు, టార్కు పానా కొనుట సాధ్యము కాదు, అవసరమును లేదు. సంవత్సరములో రెండు మూడు పర్యాయములు వాడు ఈ వస్తువులను పంచాయతీ పక్షమున ఒక జత కొని, స్టాకు రిజిస్టరులో వ్రాసి, పంచాయతీ వాహనములకు ముందుగాను, గ్రామస్థులకు నియమానుసారముగాను ఇచ్చు ఏర్పాటు చేయవచ్చును. కొనుగోలు తీర్మానములో “పానాల సెట్టు ఒకటి” అని మాత్రమే వ్రాసినచో అన్నిటికంటె తక్కువ ధర చెప్పినవానికే ఆర్డరు పోవును. వచ్చునది కూడ అట్టిదే. కొలతలు, ప్రమాణ సంఖ్య, మోయగల బరువు, హామీ కాలము వ్రాసినచో తక్కువ ధరయు నాణ్యతయు రెండును దక్కును. ప్రజాధనమును పొదుపు చేయుట అనగా తక్కువ వ్రాసిన బిల్లుపై సంతకము చేయుట కాదు. ఒకసారి కొన్నదానిని మరల కొననక్కరలేకుండ చూచుట.

అన్నిటికంటె ముఖ్యమైనది ట్రాక్టరు నడుపు పనివాని ప్రాణము. అతడు తనకిచ్చిన పనిముట్టునే వాడును. దానిని ఎన్నుకొన్నది పంచాయతీ. స్టాండు లేక వాహనము క్రింద పడుకొనుమని ఎవ్వరును అతనికి చెప్పరాదు. చెప్పినను చేయనవసరము లేదని అతనికి ముందే తెలుపవలెను.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన పంచాయతీ వాహనములతో వచ్చిన పనిముట్లు నేడు ఎక్కడ, ఏ స్థితిలో నున్నవి?

2. మన జాకీ ఎంత బరువు మోయగలదు? మన ట్యాంకరు నిండు బరువు ఎంత?

3. ట్రాలీ తొట్టికి ఊత ఉన్నదా? లేనిచో గ్రామములోని వెల్డింగు పనివానిచే ఎన్ని దినములలో చేయింపగలము?

4. మోటారు స్టార్టరును పరీక్షించువాని చేతిలోని మీటరు ఏ తరగతిది?

ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానములు వచ్చు సమావేశము నాటికి వ్రాతమూలముగా సిద్ధముచేసికొనిన పంచాయతీ, ఏమి కొనవలెనో, ఏది కొననక్కరలేదో తానే నిర్ణయించుకొనగలదు.