సాయంత్రమైతే ఆగిపోయే ఇంటర్నెట్

మొన్న వర్షాకాలంలో మా అక్కకు ఆన్‌లైన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ జరిగింది. సాయంత్రం ఏడు గంటలకు మొదలైతే పది నిమిషాల్లో మూడుసార్లు తెర ఆగిపోయింది. మూడోసారి మళ్ళీ కలిసేసరికి అవతల ఎవరూ లేరు. పన్నెండు రోజుల తరువాత ఇంకో తేదీ ఇస్తూ రాత్రి మెయిలు వచ్చింది. అదీ ఇలాగే పోతే మూడో తేదీ ఇవ్వరని ఇంట్లో అందరికీ తెలుసు.

మర్నాడు ఉదయం నేను కంపెనీకి ఫోన్ చేశాను. "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారు. చేశాను. "ఇప్పుడు లైను బాగానే ఉంది కదా" అన్నారు. నిజమే, బాగానే ఉంది. పగలు ఎప్పుడూ బాగానే ఉండేది. ఫిర్యాదు నంబరు ఒకటి ఇచ్చారు. మరుసటి రోజు ఎవరూ రాకుండానే "మీ సమస్య పరిష్కరించాం" అని మెసేజ్ వచ్చింది. రెండోసారి చేసిన ఫిర్యాదుకూ అదే గతి.

అప్పుడు మా ఫిజిక్సు సార్‌కు చెప్పాను. "నెట్ రావట్లేదు అంటే అది బాధ. ఎప్పుడు, ఎంతసేపు రాలేదో రాస్తే అది కొలత. కొలత తీసుకురా" అన్నారు.

మొదట తేల్చుకోవలసింది తప్పు వైఫైదా, బయటి లైనుదా అన్నది. అక్క ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలిపాను. అయినా సాయంత్రం ఆగింది, కాబట్టి వైఫై తప్పు కాదు. తరువాత ఫైబర్ పెట్టె మీది దీపాలు చూశాను. వాటిలో ఎల్‌ఓఎస్ అనే దీపం ఉంటుంది. లాస్ ఆఫ్ సిగ్నల్ అని దాని అర్థం. బయటినుంచి వెలుగు సరిగా అందకపోతే అది ఎర్రగా వెలుగుతుంది. నెట్ ఆగిన ప్రతిసారీ అది మినుకుమినుకుమంటోంది.

నోటుబుక్కులో ఐదు రోజులు టైము రాశాను. 6.35, 6.20, 6.40, 6.30, 6.25. అప్పటినుంచి రాత్రంతా ఆగుతూ సాగుతూ, తెల్లవారాక మామూలే. సాయంత్రం అందరూ నెట్ వాడతారు కాబట్టి రద్దీ అనుకున్నాం. కానీ రద్దీ ఉంటే వేగం తగ్గాలి గానీ ఎర్ర దీపం వెలగకూడదు. నోటుబుక్కు చూసి నానమ్మ అంది: "ఆ వేళకేరా నేను కిటికీ మూసేది, దోమలొస్తాయని."

మా ఇల్లు పాతది, గోడలు మందం. కనెక్షన్ ఇచ్చినప్పుడు గోడకు కన్నం పెట్టడం కష్టమని ఆ అబ్బాయి వైరును కిటికీ చట్రం మీదుగా లోపలికి తెచ్చి వెళ్ళిపోయాడు. కిటికీ మూస్తే రెక్కకూ చట్రానికీ మధ్య వైరు నలిగి మడతపడుతోంది.

మడతపడితే ఏమవుతుంది? టోటల్ ఇంటర్నల్ రిఫ్లెక్షన్ మనం చదువుకున్నదే. తెలుగు పుస్తకాల్లో దీన్ని సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. వెలుగు గాజుతీగ లోపలి గోడకు సందిగ్ధ కోణం కన్నా ఎక్కువ కోణంలో తగిలితే బయటికి పోలేక, పూర్తిగా వెనక్కి తిరిగి ముందుకు సాగుతుంది. తీగను బాగా వంచితే ఆ వంపు దగ్గర కోణం తగ్గి కొంత వెలుగు బయటికి కారిపోతుంది. తీగ తెగలేదు కాబట్టి నెట్ పూర్తిగా పోదు, అలాగని సరిగానూ రాదు. పరీక్షలో ఈ ప్రశ్నకు బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్న నేను, మా కిటికీ దగ్గర దాన్ని పోల్చుకోలేకపోయాను.

కిటికీ తెరిచి ఉంచితే సరిపోదా అనవచ్చు. వర్షాకాలంలో జల్లు, దోమలు. నానమ్మ ఒప్పుకోలేదు, మేమూ అడగలేదు. వైరు మార్చాల్సిందే.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో ఫిర్యాదుల నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ నంబరు ఇవ్వాలి, లైను చెడితే మూడు రోజుల్లో బాగుచేయాలి. చేయకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయవచ్చు. అక్కడ 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ మాత్రం ఒక్కొక్కరి ఫిర్యాదులు తీసుకోదు. చాలామంది అక్కడికే రాసి ఎదురుచూస్తారు. అప్పీలుతోనూ పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం సేవల మీద కూడా అక్కడికి వెళ్ళవచ్చని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది.

మాకు 39 రోజులు లేవు. నాన్న పేరుతో అప్పీలు రాశాను. రెండు ఫిర్యాదు నంబర్లు, ఐదు రోజుల టైములు, ఎర్ర దీపం ఫోటో, నలిగిన వైరు ఫోటో జతచేశాను. కోపంగా రాసిన మొదటి పేరా నాన్న కొట్టేశారు.

రెండో రోజు టెక్నీషియన్ వచ్చాడు. మీటరు పెట్టి చూస్తే కిటికీ తెరిచినప్పుడు మైనస్ 21, మూస్తే మైనస్ 28. ఈ కొలత డెసిబెల్‌లలో ఉంటుంది. ఏడు డెసిబెల్‌లు తగ్గితే వెలుగు ఐదో వంతుకు పడిపోయినట్టు. మైనస్ 27 దగ్గరికి వస్తే పెట్టె తడబడుతుందని అతనే చెప్పాడు. "ఫోన్‌లో ఇదంతా చెప్పలేదేం?" అని అడిగాడు. చెప్పేందుకు ఎవరైనా వింటే కదా! గోడకు కన్నం పెట్టి కొత్త వైరు లాగడానికి అతనికి గంట పట్టింది.

పన్నెండో రోజు సాయంత్రం అక్క ఇంటర్వ్యూ యాభై నిమిషాలు జరిగింది. నానమ్మ ఆరున్నరకే కిటికీ మూసి, పెట్టె ఎదురుగా కుర్చీ వేసుకుని దీపం వంక చూస్తూ కూర్చుంది.