తల్లి ఒడా? ప్రభుత్వ సంరక్షణా?

2011లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ ప్రాంతంలో ఒక సంఘటన జరిగింది. 8 సంవత్సరాల బాలుడొకడు 90 కిలోలకు పైగా బరువు పెరిగాడు. నిద్రలో అతనికి ఊపిరి సరిగా ఆడేది కాదు. తల్లి వైద్యుల సలహాలను పాటించడం లేదని అధికారులు అతనిని వేరొక కుటుంబానికి అప్పగించారు. తాను చేయగలిగినదంతా చేశానని తల్లి మొరపెట్టుకుంది.

బిడ్డ ప్రాణానికి ముప్పు వస్తే ప్రభుత్వం చూస్తూ ఊరుకోరాదని కొందరు వాదించారు. అయితే స్థూలకాయానికి తల్లిదండ్రుల అశ్రద్ధ ఒక్కటే కారణం కాదు. వంశలక్షణాలు, పేదరికం, చౌకగా దొరికే చిరుతిళ్ళు, ఆటస్థలాల కొరత కూడా కారణాలే. పైగా, తల్లికి దూరమైన బిడ్డ మనసుకు తగిలే గాయం ఏ త్రాసుకూ అందదు.

పిల్లల మేలుకు తప్పనిసరి అయితే తప్ప వారిని తల్లిదండ్రుల నుండి వేరుచేయరాదని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక చెబుతున్నది. భారతదేశం 1992లో దానిని అంగీకరించింది.

2012లో ఆ బాలుడు బరువు తగ్గి తల్లి చెంతకు చేరాడు. కానీ వైద్యం, పోషకాహారం, వ్యాయామం ఇంటివద్దనే అందేలా తల్లికి మరింత తోడ్పడి ఉంటే ఆ ఎడబాటు అవసరమయ్యేదా? బిడ్డను కాపాడాలంటే ముందు కుటుంబానికి చేయూతనివ్వాలి. వేరుచేయడం చిట్టచివరి మార్గం కావాలి.

ఆలోచించండి: మీరే న్యాయమూర్తి అయితే ఏమి తీర్పు చెబుతారు? ఎందుకు?