రసమట్టం ఎక్కడ పెట్టాలి?

వచ్చే నెల మన ఫొటో బ్యాచ్ గండికోట వెళ్తోంది. పెన్నా లోయ మొత్తం ఒకే పనోరమాలో రావాలి, అది ఆడిటోరియం గోడకి 6 మీటర్ల బ్యానర్ అవ్వాలి. 12 మందిమి తలా 500 వేస్తే 6000 పోగైంది. కెమెరా ఉంది, సీనియర్స్ వదిలేసిన బాల్ హెడ్ ఉంది, ట్రైపాడ్ కాళ్లే లేవు. ఈ డబ్బు మళ్లీ రాదు కాబట్టి కొనేముందు లెక్క చూద్దాం.

పనోరమా అంటే కెమెరాని ఒక ఇరుసు చుట్టూ తిప్పుతూ తీసిన ఫొటోల్ని అతికించడం. చూడాల్సింది కెమెరా మట్టంగా ఉందా అని కాదు, ఇరుసు నిటారుగా ఉందా అని. వాలుగా పెట్టిన తిరగలిని తిప్పితే పిడి ఒకవైపు పైకి లేచి, ఇంకోవైపు కిందికి దిగుతుంది కదా, అదే సంగతి.

మామూలు బాల్ హెడ్‌లో గుండు పైన ఉంటుంది, తిరిగే పళ్లెం కింద ఉంటుంది. గుండుని సర్ది కెమెరాని మట్టం చేస్తాం, స్క్రీన్ మీద గీత పచ్చగా వెలుగుతుంది, మనం ఖుషీ. కానీ కింద పళ్లెం 3 డిగ్రీలు ముందుకి వాలి ఉంటే? 180 డిగ్రీలు తిప్పేసరికి కెమెరా 6 డిగ్రీలు ఆకాశంలోకి చూస్తుంది. మన 24 మెగాపిక్సెల్ కెమెరాని 18 ఎంఎం దగ్గర నిలువుగా పెడితే అది దాదాపు 480 పిక్సెల్స్ తేడా. 'హగిన్‌లో సరిచేద్దాంలే' అంటాడు మా రూమ్మేట్. సరిచేయొచ్చు, నిజమే. కానీ వంకరగా మిగిలిన అంచులు కత్తిరించాలి, పోయేది లోయ అడుగున ఉన్న నదే.

కాళ్ల పొడవు మార్చి పళ్లెం మట్టం చేయొచ్చు. గండికోట ఎగుడుదిగుడు రాళ్ల మీద, గాలిలో, వెలుతురు తగ్గిపోతుంటే ఒక కాలు సర్దితే ఇంకో కాలు చెడుతుంది. అందుకే రెండు దారులు: గుండు పైన తిరిగే క్లాంప్, లేదా గుండు కింద లెవెలింగ్ బేస్. క్లాంప్ తేలిక. కానీ దాని మీద కెమెరా అడ్డంగా మాత్రమే చూస్తుంది, కిందికి వంచితే ఇరుసు కూడా వంగిపోతుంది. మనకి నది కావాలి కదా! బేస్ అయితే ఇరుసు నిటారుగానే ఉండి కెమెరా వంగుతుంది. నా ఓటు బేస్‌కి.

షాపులో ఒక పరీక్ష చేయండి. రసమట్టం (మేస్త్రీలు వాడే ఈ మాట నాకు ఈమధ్యే తెలిసింది, భలే నచ్చింది) కెమెరా మీద కాదు, తిరిగే పళ్లెం మీద పెట్టి చుట్టూ తిప్పండి. బుడగ నడుమ నుంచి కదలకూడదు. కాళ్లు గట్టివి తీసుకోండి, మధ్య కడ్డీ పైకి లేపే పని పెట్టుకోవద్దు, గాలికి అదే ముందు ఊగుతుంది.

లెన్స్‌ని ఇరుసు మీదికి జరిపే రెయిల్‌కి డబ్బు మిగలదు. దూరంగా ఉన్న కొండలకి అది అక్కర్లేదు. కాళ్ల దగ్గరి రాళ్లు ఫ్రేమ్‌లోకి వస్తేనే అతుకుల దగ్గర రెండుగా కనిపిస్తాయి, అవి రాని చోటు చూసి నిలబడదాం. ఫొటోకి ఫొటోకి మధ్య 30 శాతం కలవాలి, అంటే 33 డిగ్రీలకో క్లిక్. 180 డిగ్రీలకి 6 చాలు.

క్లాంపే కావాలనేవాళ్లు శనివారం లోపు చెప్పండి, ఆదివారం కొనేస్తున్నాం.